టపాలో వచ్చు వైద్యసామగ్రి – మెడికేర్ నియమములు

(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన పూర్వులు తరముల క్రిందట ఈ ప్రాంతమునకు వచ్చి స్థిరపడిరి. నేడు మన బిడ్డలు కొందరు అమెరికాలో స్థిరపడుచున్నారు. వారివెంట వెళ్లిన పెద్దలలో కొందరు అచ్చటనే ఉండిపోవుచున్నారు. వారిలో మధుమేహము గలవారికి ఉపయోగించు సంగతి యొకటి మనవి చేయుదును.

వృద్ధుల కొరకు అమెరికా ప్రభుత్వము 1965లో మెడికేర్ అను ఆరోగ్య బీమాకు శాసనము చేసెను. 65 ఏండ్లు నిండిన పౌరులును, శాశ్వత నివాసానుమతితో వరుసగా 5 ఏండ్లు అచ్చట నివసించిన వృద్ధులును ఇందు చేరవచ్చును. బిడ్డలను చూచి వచ్చుటకు వెళ్లినవారికి ఇది వర్తింపదు.

ఇందలి పార్టు బి క్రింద, వైద్యుని చీటీ యున్నచో, చక్కెర పరీక్షించు యంత్రము, స్ట్రిప్పులు, వ్రేలికి గుచ్చు సూదులు లభించును. సాధారణముగా ఇన్సులిన్ వాడువారికి 3 నెలలకు 300 స్ట్రిప్పులు, వాడనివారికి 100. ఏటేట రోగి మొదట భరింపవలసిన సొమ్ము పోగా, ఆమోదిత ధరలో నూటికి 80 వంతులు ప్రభుత్వము, 20 వంతులు రోగి చెల్లింపవలెను. ఆమోదిత ధరకు ఒప్పుకొనిన సరఫరాదారు అంతకు మించి అడుగరాదు. కావున ఆ సంగతి ముందుగానే అడిగి తెలిసికొనుడు.

2013 జూలై 1 నుండి 2018 చివరి వరకు ఈ సామగ్రిని టపాలో పంపు హక్కు వేలములో గెలిచిన గుత్తదారులకే యుండెను. ఆ గుత్తలు ముగిసిన పిమ్మట మెడికేర్‌లో నమోదైన ఇతర సరఫరాదారులకును ఆ వీలు కలిగెను.

అసలు నియమ మిది: అడుగని సరుకునకు మెడికేర్ చెల్లింపదు. ప్రతి పర్యాయము సరఫరాదారు ముందుగా రోగిని విచారించి, కావలెనను సమాధానము పొందవలెను. చేతనున్న సరుకు ముగియుటకు 10 దినములకంటె ముందు చేర్పరాదు.

చిక్కంతయు ఆ సమాధానముననే యున్నది. టెలిఫోనులో ఎవరో ఆంగ్లమున త్వరత్వరగా అడుగుదురు. మన పెద్దవారు మర్యాదకు "యెస్, యెస్" అందురు. ఆ మాటయే అంగీకారముగా వ్రాయబడును. అక్కరలేని పెట్టెలు అల్మారాలో పేరుకొనును. నిజముగా అవసరమైన నాడు, ఇదివరకే ఇచ్చితిమను లెక్క అడ్డుపడవచ్చును. 2021లో ఒక పెద్ద టపా సరఫరా సంస్థ, అర్హత లేనివారికి యంత్రములు పంపి ప్రభుత్వమునకు బిల్లులు పెట్టెనను ఆరోపణలపై, 16 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడెను.

ఇందుకు ఉపాయము గలదు. మెడికేర్ వారి టెలిఫోను సహాయ కేంద్రమున రుసుము లేకుండ ద్విభాషిని కోరవచ్చును. అట్లు కోరుటకు సిగ్గుపడ నక్కరలేదు. ఇచ్చటి కచేరీలలో మన భాషకు చోటు కోరుట మనకు అలవాటైన పనియే కదా! అడుగకుండ పిలిచినవారికి మెడికేర్ సంఖ్యను చెప్పకుడు. వచ్చిన లెక్కల కాగితములను బిడ్డలచేత చదివించుకొనుడు.

అచ్చటనున్న మీ వారికి ఈ వారమే ఒక జాబు వ్రాయుడు. అర్థము కాని ప్రశ్నకు ఔనని చెప్పవలదని అందు మొదటి పంక్తిలోనే వ్రాయుడు.