కాల్షియము కదల్చు మీట

ఒక తల్లి తన మూత్రపిండమును కుమారునికి దానము చేసెననుకొందము. శస్త్రచికిత్స జయప్రదమయ్యెను. సంవత్సరము గడచినది, కుమారుడు సుఖముగా ఉద్యోగమునకు పోవుచున్నాడు. “ఇక ఈ మాత్రలెందుకు?” అని అతనికి తోచుట సహజము. సమాధానము మన జీవకణములలోని ఒక ఎంజైమునందున్నది. దాని పేరు కాల్సిన్యూరిన్.

ప్రోటీనులకు ఫాస్ఫేటును తగిలించు ఎంజైములు కొన్ని, దానిని ఊడదీయునవి కొన్ని. ఊడదీయువానిని ఫాస్ఫటేజులందురు. కాల్సిన్యూరిన్ ఈ రెండవ తెగకు చెందినది. 1979లో క్లాడ్ క్లీ, ఆమె సహచరులు దీనికి ఈ పేరు పెట్టిరి. మెదడునందు మొదట కనిపించినను, ఇది శరీరమందలి పెక్కు కణములలో కలదు. ఇందు రెండు భాగములున్నవి. ఫాస్ఫేటును ఊడదీయునది పెద్దది. కాల్షియమును పట్టి దానిని పనికి పురికొల్పునది చిన్నది. ఈ చిన్న భాగమును నిర్మించు విధము మన రెండవ క్రోమోజోముపైనున్న ఒక జన్యువునందు లిఖింపబడియున్నది. అది 170 అమినో ఆమ్లముల గొలుసు. అందు నాలుగు కాల్షియము అయానులు ఇముడును.

రక్తమందలి టి-కణము పరాయి పదార్థమును గుర్తించినపుడు, ఆ కణములో కాల్షియము పెరుగును. అంతట కాల్సిన్యూరిన్ మేల్కొని, ఎన్‌ఫాట్ అను ప్రోటీనునుండి ఫాస్ఫేటును తొలగించును. ఎన్‌ఫాట్ కణకేంద్రకమును చేరి, దాడికి వలసిన జన్యువులను ప్రేరేపించును. రోగక్రిములు ప్రవేశించినపుడు ఈ దాడియే మనకు రక్ష. కాని తల్లి యిచ్చిన మూత్రపిండమును కూడ టి-కణము పరాయిదనియే ఎంచును. దానికి మాతృవాత్సల్యము తెలియదు.

నార్వే దేశపు మట్టిలోని ఒక శిలీంధ్రమునుండి సైక్లోస్పోరిన్ అను మందు లభించెను. దానిని మూత్రపిండము మార్చిన రోగులకు వాడిన ఫలితములను 1978లో కేంబ్రిడ్జికి చెందిన రాయ్ కాన్ ప్రకటించెను. మందు పనిచేయు మర్మము 1991లో బయటపడినది: అది కణములోని మరియొక ప్రోటీనుతో జతగూడి కాల్సిన్యూరిన్‌ను అడ్డగించును. జపాను మట్టిలోని సూక్ష్మజీవినుండి లభించిన టాక్రోలిమస్ సైతము వేరొక ప్రోటీను తోడుతో ఈ మీటనే అణచును.

మాత్ర మానినచో మీట మరల లేచును, దాడి ఆరంభమగును. మాత్ర మితిమీరినచో అంటువ్యాధుల నెదిరించు శక్తి సన్నగిల్లును. ఆ మందే మూత్రపిండమునకు హాని చేయవచ్చును. అందుచేతనే వైద్యులు రక్తములో మందు పాలును కొలిచి మోతాదు నిర్ణయింతురు. కుమారుడు ఆరోగ్యముగా నున్నాడు గనుక మాత్ర అనవసరమని తలపరాదు. మాత్ర తప్పక తీసికొనుచున్నాడు గనుకనే అమ్మ యిచ్చిన మూత్రపిండము నిలిచియున్నది.