వయ్యారిభామను వట్టి చేతులతో ముట్టవద్దు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘ భవనం పక్క ఖాళీ స్థలంలో నడుమెత్తు పెరిగిన తెల్లపూల మొక్కలను వచ్చే ఆదివారం శ్రమదానంతో పీకేద్దామని కార్యవర్గం తీర్మానించింది. సంతోషం. అయితే వట్టి చేతులతో పీకుతామంటే మాత్రం నేనొప్పుకోను. ముప్పై ఏళ్ళు వ్యవసాయ శాఖలో పనిచేసినవాడిగా రెండు మాటలు మనవి చేస్తాను.

దీని పేరు పార్థీనియం. మనవాళ్ళు వయ్యారిభామ అన్నారు. ఆ పేరు పెట్టినాయనకు దురద తగిలి ఉండదు! పుట్టిల్లు అమెరికా ఖండం. 1955 ప్రాంతంలో పూణేలో కనిపించాక దేశమంతా పాకింది. ఒక్కో మొక్కకు వేల గింజలు. మొలిచిన నెలకే పూత.

ఇందులో పార్థెనిన్ అనే విషపదార్థం ఉంది. మొదటిసారి తాకితే ఏమీ కాకపోవచ్చు. అదే మోసం. పదే పదే తగిలాక ఒంటికి పడకుండా పోతుంది. ఆపై మొక్కను ముట్టనక్కర లేదు, ఎండిన పొడి గాలికి వచ్చినా చాలు. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు దురదపెట్టి, నల్లబడి, చర్మం మందమవుతుంది. పుప్పొడితో తుమ్ములు, కొందరికి ఉబ్బసం. ఒకసారి పట్టుకుంటే ఏళ్ళ తరబడి వదలదు. కొందరికి ఇదే కుటుంబానికి చెందిన చామంతి కూడా పడదు. పూజకు చామంతులు తెచ్చిన రోజున దురద ఎక్కువైతే ఆ మాట చర్మవైద్యునికి తప్పక చెప్పండి.

పంటల సంగతి. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగకు కాండం కుళ్ళు వైరస్ తెగులు వచ్చి సుమారు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి. ఆ వైరస్‌ను దాచుకున్నది గట్ల మీది వయ్యారిభామే. తనకు జబ్బు లక్షణమే కనిపించదు! దాని పుప్పొడిని తామర పురుగులు పైరుకు చేరవేశాయి. పశువులు మేస్తే పాలు చేదెక్కుతాయి.

1984లో మెక్సికో పెంకు పురుగును బెంగళూరులో వదిలారు. వానాకాలంలో ఆకులు బాగా తింటుంది, ఎండాకాలం భూమిలో దాక్కుంటుంది. దాన్నే నమ్ముకుని కూర్చోలేం. లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే మొక్క మాడుతుంది గాని, మనం వేపమొక్కలు నాటదలచిన చోట ఉప్పు వద్దు.

కనుక ఆదివారం ఉదయం ఆరింటికి, నేల తడిగా ఉండగానే, వేళ్ళతో సహా పీకుదాం. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. పూత వచ్చినవాటిని దులపకుండా సంచిలో వేయాలి. ఇంటికెళ్ళగానే స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఉబ్బసం, దురద ఉన్నవారు దయచేసి ఆ స్థలానికి రాకండి. వారికి భవనం లోపల కాఫీ ఏర్పాట్ల బాధ్యత అప్పగిస్తున్నాము.