పెరటి పాదు – పొరుగువారి మాట

ఈ రజతోత్సవ సభలో పెరటి ముచ్చట యేల యని తలంపకుడు.

గుమ్మడిపాదు పెట్టినవారు తొలిపూత రాలగానే, గొడ్డుపాదని నిరాశచెంది పెరికివేయుచుందురు. తొందరపడరాదు. సాధారణముగా మొదట వచ్చునవి మగపూవులు. అవి రాలుట సహజము. ఆడుపూవునకు మాత్రమే అడుగున చిన్న పిందె యుండును. ఆ పిందెయు పసుపెక్కి రాలుచున్నచో, పుప్పొడి అందకపోవుట తరచుగా దానికి కారణము. గుమ్మడి తెల్లవారుజామున విచ్చును. బీర, సొర సాయంకాలమున విచ్చును. ఆ వేళకు, అప్పుడే విచ్చిన మగపూవును కోసి, రేకులు తీసివేసి, ఆడుపూవు నడుమ మెల్లగా అద్దవలెను. తేనెటీగ రానిచోట మన చేయియే ఆ పని చేయగలదు.

ఈపాటి మాట చెప్పువారు లేక ఎన్ని పాదులు కాయ చూడకమునుపే పెంటకుప్పకు చేరుచున్నవో! తెలిసినవారు గోడ కీవల మౌనముగా నుండుట తగదు. మేలైన కాయ నొకదానిని విత్తునకు విడిచి, బాగుగా ముదిరి యెండిన పిమ్మట, నాలుగు గింజలు పొరుగింటికిని పంపుడు. మన పాదు చీడపట్టి నశించినను ఆ విత్తు అచ్చట బ్రతికియుండును.

మన గ్రంథాలయము 25 సంవత్సరములు నిలిచినది పుస్తకములు బీరువాలో దాచుటచేత కాదు, చేతులు మారుటచేత. విత్తనమును అట్టిదే.