ఆటోమేటిక్ గేరుపెట్టెలో దిగుడు కుదుపు

పాత మోటారుకార్లు నడిపేవారి నోట ఒక ఫిర్యాదు తరచుగా వినవస్తూ ఉంటుంది. కారు వేగం అందుకొనేటప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. కూడలి దగ్గర ఎర్రదీపం చూచి వేగం తగ్గించేసరికి మాత్రం, వెనుకనుండి ఎవరో మోకాలితో పొడిచినట్లు ఒక కుదుపు. ఆటోమేటిక్ గేరుపెట్టె పై గేరునుండి కింది గేరుకు దిగేటప్పుడు కలిగే కుదుపు ఇది. దీనికి షెడ్డులో సాధారణంగా లభించే సమాధానం “పెట్టె దించాలి” అనేదే. దించి, విప్పి, క్లచ్చి ప్లేట్లు మార్చి, మళ్ళీ బిగించడానికయ్యే ఖర్చు పాతకారు విషయంలో ఒక్కొక్కప్పుడు కారు వెలనే మించిపోతుంది. ఆ మాట విని నిక్షేపం వంటి కారును తుక్కు కింద అమ్ముకొన్నవారు ఉన్నారు. లోపమంతా జానెడు రబ్బరు గొట్టంలో ఉండి ఉండవచ్చును. కాబట్టి పెట్టెను విప్పకముందు, పెట్టెకు వెలుపల ఏమేమి వెదకవలెనో తెలిసి ఉండడం అవసరం.

ఒక ప్రసిద్ధమైన కారును ఉదాహరణగా తీసుకొందాము. మెర్సిడిస్ బెంజ్ కంపెనీ 1976లో ప్రారంభించి దాదాపు పదేండ్లపాటు ‘డబ్ల్యు 123’ వర్గపు కార్లను తయారు చేసినది. మొత్తం సుమారు 27 లక్షలు వెలువడినవి. వాటిలో ‘300డి’ అనే డీజిల్ కారు దీర్ఘాయువుకు పేరు పడినది. దాని ఆటోమేటిక్ పెట్టెలో కంప్యూటరు లేదు. సర్వమూ నూనె ఒత్తిడితోనే నడుస్తుంది. అందుచేత రోగనిదానం నేర్చుకోవడానికి ఇంతకన్న మంచి పాఠశాల లేదని నా అభిప్రాయం.

ఆ పెట్టెకు బయటినుండి ముఖ్యంగా మూడు వార్తలు అందుతూ ఉంటాయి. కారు ఎంత వేగంగా పోతున్నదో ‘గవర్నరు’ అనే పరికరం తెలుపుతుంది. యాక్సిలరేటరును ఎంత తొక్కినారో ఒక ఉక్కుతీగ తెలుపుతుంది. ఇంజను ఎంత బరువు లాగుతున్నదో ‘మాడ్యులేటరు’ అనే చిన్న డబ్బా తెలుపుతుంది. గేరు ఎప్పుడు మారవలెనో మొదటి రెండు వార్తలు నిర్ణయిస్తాయి. ఎంత గట్టిగా పట్టుకొని మారవలెనో మూడవది నిర్ణయిస్తుంది. మన కుదుపు కథ చాలావరకు ఈ మూడవ దానిలోనే ఉన్నది.

మాడ్యులేటరులో ఒక పలుచని పొర ఉంటుంది. దాని వెనుక గాలిని పీల్చివేసి శూన్యం కల్పిస్తారు. కాలు తీసినప్పుడు శూన్యం ఎక్కువ. అప్పుడు పెట్టె మెత్తగా గేరు మారుస్తుంది. కాలు పూర్తిగా తొక్కితే శూన్యం పోతుంది. పెట్టె గట్టిగా బిగిస్తుంది. ఇప్పుడు గొట్టం ఎక్కడో చిల్లిపడినదని అనుకోండి. మీరు కాలు తీసి, బ్రేకు మీద వేసి నెమ్మదిగా ఆగుతున్నారు. మీరు యాక్సిలరేటరును నేలకు తొక్కినారని పెట్టె భ్రమపడుతుంది. మెత్తగా దిగవలసిన చోట దడాలున దిగుతుంది.

డీజిల్ ఇంజను తనంత తాను ఈ శూన్యాన్ని పుట్టించజాలదు. అందుకని ఇంజను ముందుభాగాన ఒక పంపు ఉంటుంది. ఈ కారులో ఆ ఒక్క పంపుమీద ఆధారపడిన సంసారం పెద్దది: బ్రేకుకు సాయం చేసే డబ్బా, తలుపుల తాళాలు, వెచ్చదనం చల్లదనం మార్చే రెక్కలు, తాళంచెవి తిప్పగానే ఇంజనును ఆర్పే మీట. వెనుక తలుపులోని తాళపు రబ్బరు చిరిగితే గేరుపెట్టె కుదుపవచ్చును! వినడానికి వింతగా ఉన్నా, ఇది ఆ కార్లను ఎరిగిన మెకానిక్కులందరికీ తెలిసిన సంగతే. దీనికి సులభమైన గుర్తు ఒకటి ఉన్నది. తాళంచెవి తిప్పినా ఇంజను వెంటనే ఆరక కొన్ని క్షణాలు కొట్టుకొంటూ ఉంటే, శూన్యం ఎక్కడో కారిపోతున్నదని ముందుగా అనుమానించవలెను.

అనుమానం తీర్చుకోవడానికి మీటరు గల చిన్న చేతిపంపు చాలును. మాడ్యులేటరు గొట్టం ఊడదీసి, పంపు తగిలించి, పాదరసపు కొలతలో 15 అంగుళాల శూన్యం కల్పించండి. ముల్లు కదలక నిలిచితే పొర బాగున్నది. జారిపోతే పొర చిరిగినది. గొట్టం లోపల ఎర్రని నూనె తడి కనబడితే పరీక్షకూడా అక్కరలేదు. కింద ఒక చుక్కైనా కారకుండా పెట్టెలో నూనె తరిగిపోవడానికి కారణం అదే. పొర బాగున్నట్లయితే తాళాలకూ, రెక్కలకూ పోయే శాఖలను ఒక్కొక్కటిగా మూసి, కారు నడిపి చూడవలెను. ఏ శాఖ మూసినప్పుడు కుదుపు పోయినదో లోపం అక్కడ ఉన్నది. బ్రేకు డబ్బాకు పోయే గొట్టం జోలికి మాత్రం పోవద్దు.

ఇన్నిటికన్న ముందు నూనె చూడవలెనని వేరుగా చెప్పనక్కరలేదు. పెట్టె బాగా వేడెక్కిన తరువాత, సమతలం మీద, ఇంజను తిరుగుతూ ఉండగా చూడవలెను. కొలపుల్లను నూలుపోగులు రాలే గుడ్డతో తుడవకూడదు. ఒక్క పోగు లోపలి కవాటాన్ని పట్టివేయగలదు. ఇంజను నిలకడ వేగం సుమారు 750 చుట్లను మించి ఉన్నా కుదుపు కలుగుతుంది.

ఇక ఉక్కుతీగ. దాని బిగుతు ఎక్కువైతే గేరు ఆలస్యంగా ఎక్కి, తొందరపడి దిగుతుంది. వేగం తగినంత తగ్గకముందే దిగిన గేరు కుదపక మానదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కుదుపు ఒకే రీతిగా ఉంటే శూన్యాన్నీ, దిగడంలో వేళ తప్పితే తీగనూ అనుమానించడం నా పద్ధతి.

కుదుపంతా గేరుపెట్టెదే అనుకోరాదు. వెనుక చక్రాలకు శక్తిని చేర్చే ఇరుసుకు రెండు కొనలా రబ్బరు బిళ్ళలు ఉంటాయి. అవి పగిలినా, ఇంజనును మోసే రబ్బరు దిమ్మలు కుంగినా, మామూలు గేరుమార్పు కూడా దెబ్బవలె తోస్తుంది. ఇరుసును చేతితో తిప్పి చూస్తే వదులు తెలుస్తుంది. అయితే జాకీ ఒక్కదానిని నమ్మి ఎవరూ కారు కిందికి దూరకూడదు. గట్టి స్టాండుల మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజను ఆర్పి మాత్రమే చూడవలెను.

మాడ్యులేటరు మూత కింద ఒత్తిడిని సవరించే మర ఒకటి ఉన్నది. దానిని తిప్పి కుదుపు పోగొట్టినామని చెప్పేవారున్నారు. గొట్టం చిల్లి అలాగే ఉంచి ఒత్తిడి తగ్గిస్తే, గేరు మెత్తగానే మారుతుంది; కాని బరువు లాగేటప్పుడు క్లచ్చి ప్లేట్లు జారి మాడిపోతాయి. అప్పుడు షెడ్డువారు మొదట చెప్పిన మాట నిజమై కూర్చుంటుంది.

నూనె నల్లబడి మాడువాసన వేస్తున్నా, అడుగుపళ్ళెం విప్పినప్పుడు లోహపు పెళుసులు మెరుస్తున్నా, గేరు వేసిన తరువాత కారు కదలడానికి జాగు చేస్తున్నా లోపలి అరుగుదలను ఒప్పుకోక తప్పదు. పళ్ళెంలో బూడిదరంగు నుసి కొద్దిగా ఉండడం మాత్రం సహజమే. అప్పుడైనా ముందుగా కవాటాల దిమ్మను చూడమని అడగండి. అడుగుపళ్ళెం తీస్తే అది చేతికి వస్తుంది. దానికోసం పెట్టెను కారునుండి దించనక్కరలేదు.