యాంప్లిఫయరు గెయిను నిర్ణయము

వీణాకచేరి ధ్వనిముద్రణము నొకదానిని వినిన వెంటనే నేటి సినిమాపాటను పెట్టినచో, మీట నెవ్వరును తాకకుండగనే ధ్వని యొక్కసారిగా మిన్నుముట్టుట పెక్కురి కనుభవమే. తీగ మెల్లగ పలికిన గమకమునకును, గట్టిగ మీటిన నాదమునకును గల యంతరమును కాపాడుటకై కచేరిని సామాన్యముగా తక్కువమట్టమున ముద్రింతురు. సినిమాపాటయం దాయంతరమును కుదించి, మొత్తమును గరిష్ఠమట్టమునకు చేరువగా నిలుపుదురు. ఈ రెంటి నడుమ 10 డెసిబెల్లుల భేదమున్నచో, రెండవదానికి యాంప్లిఫయరు 10 రెట్లు శక్తిని వెచ్చింపవలసియుండును.

కావున మెల్లని ముద్రణమునకు సరిపడునట్లు గెయినును, అనగా లోనికి వచ్చు సంకేతమును యాంప్లిఫయరు హెచ్చించు ప్రమాణమును, పెంచియుంచినచో, బిగ్గరపాట వచ్చినపుడు యాంప్లిఫయరు తన వోల్టేజి పరిమితిని దాటజాలక తరంగశిఖరములను కత్తిరించివేయును, స్వరము గరగరలాడును, స్పీకరునందలి సన్నని తీగచుట్ట వేడెక్కి కాలిపోవుటయు కలదు.

అందుచే, మనయొద్ద నున్నవానిలో మిక్కిలి బిగ్గరగ ముద్రితమైనదానిని పెట్టి, వాల్యూమును మనము వాడు గరిష్ఠస్థానమున నిలిపి, గెయినును కనిష్ఠమునుండి మెల్లగా పెంచుచు, గరగర చెవి సోకినంతనే కొంచెము వెనుకకు త్రిప్పి స్థిరపరుపవలెను. కచేరీలనే మిక్కిలిగ వినువారు మరియొక 5 డెసిబెల్లులు పెంచుకొనవచ్చును గాని, పాట మారినపుడు వాల్యూమును తగ్గించుట మరువరాదు.