ఠాణా గడప దగ్గర చట్టం

న్యాయశాస్త్ర పట్టా అందుకుంటున్న విద్యార్థులారా!

కోర్టు గురించి మీకు చెప్పడానికి ఈ వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు. నేను పోలీస్ స్టేషన్ గురించి మాట్లాడతాను. సామాన్యుడికి చట్టం మొట్టమొదట ఎదురయ్యేది అక్కడే.

మన హైదరాబాద్‌నే తీసుకోండి. పైన కమిషనర్. జిల్లాల్లో కలెక్టర్ చేతిలో ఉండే నిషేధాజ్ఞల అధికారం నగరంలో ఆయనకే ఉంది. కింద జోన్‌కో డీసీపీ, డివిజన్‌కో ఏసీపీ, స్టేషన్‌కో ఇన్‌స్పెక్టర్. ట్రాఫిక్, సెంట్రల్ క్రైమ్ స్టేషన్ (సీసీఎస్), స్పెషల్ బ్రాంచ్ వేరు. 2014లో షీ టీమ్స్ వచ్చాయి. మఫ్టీలో బస్టాపుల దగ్గర నిలబడి ఆకతాయిలను పట్టుకుంటున్నాయి. ఆ పనంటే నాకెంతో గౌరవం. 2022లో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది.

ఇంత యంత్రాంగమూ చివరికి స్టేషన్‌లోని ఒక బల్ల దగ్గరికొచ్చి ఆగుతుంది. చదువురాని ఒక పెద్దావిడ గొలుసు పోయిందని వచ్చిందనుకోండి. ఆమె నోటితో చెప్పింది పోలీసులే రాసుకోవాలి. రాసింది ఆమెకు చదివి వినిపించాలి. ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అయినా "మా పరిధి కాదమ్మా, పక్క స్టేషన్‌కి వెళ్లు" అన్న మాట ఇంకా వినబడుతూనే ఉంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

కానిస్టేబుల్ కష్టమూ తెలుసుకోండి. వినాయక నిమజ్జనం బందోబస్తుకు వెళ్లినవాడు తెల్లవార్లూ ట్యాంక్‌బండ్ మీద నిలబడతాడు. స్టేషన్‌లో అతని పని అలాగే ఉండిపోతుంది. అతన్ని దబాయించకండి, సెక్షన్ చూపించి మర్యాదగా అడగండి.

అయినా తీసుకోకపోతే ఫిర్యాదును డీసీపీకి పోస్టులో పంపవచ్చు. అక్కడా పని జరగకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. ఆ అర్జీ రాయడం ఆ పెద్దావిడకు రాదు, మీకు వచ్చు. మీ బస్తీలో అలాంటివాళ్లకు ఫీజు అడగకుండా రాసిపెట్టండి. ఈ రోజు నేను మిమ్మల్ని కోరేది అదొక్కటే.