పదో తరగతి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

కాలేజీలో చదివే పిల్లలను, "మళ్లీ పదో తరగతికి వెళ్తే ఏం మార్చుకుంటావు?" అని ఎప్పుడైనా అడిగి చూడండి. నేను అడిగినవారిలో చాలామంది మార్కుల ఊసెత్తలేదు. గ్రూపు తీసుకునే ముందు అన్ని దారులూ తెలుసుకుని ఉండాల్సింది అన్నారు.

మన ఇళ్లలో పది పాసవగానే వినిపించేవి ఎంపీసీ, బైపీసీ. కానీ వేరే దారులూ ఉన్నాయి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరితే మూడేళ్లలో ఇంజినీరింగ్ డిప్లొమా చేతికొస్తుంది. ఆపై ఈసెట్‌లో ర్యాంకు వస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులను బట్టే ఆరేళ్ల చదువుకు సీటిస్తారు. ఐదేళ్ల లా కోర్సుకైనా, సీఏ ఫౌండేషన్‌కైనా ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా పర్వాలేదు. ఇది తెలియక ఎంతమంది ఇష్టంలేని లెక్కలతో రెండేళ్లు కుస్తీ పట్టారో! తలచుకుంటే బాధేస్తుంది.

ఇంకొకటి, ఇంగ్లీషు భయం. తెలుగు మీడియం నుంచి వచ్చిన తెలివైన పిల్లలు క్లాసులో సందేహం అడగడానికే జంకుతారు. రోజూ ఒక్క పేజీ పైకి చదివే అలవాటు బడిలోనే చేసుకోవాల్సిందని వాళ్లే చెబుతారు. నిద్ర, ఆటలు మానుకోవద్దనీ అంటారు.

అమ్మా, నాన్నా, ఫీజు కట్టేముందు మీ వీధిలో కాలేజీకి వెళ్లే అన్ననో అక్కనో ఇంటికి పిలవండి. మీ పిల్లల్ని వాళ్లతో ఓ సాయంత్రం మాట్లాడనివ్వండి.